కొత్త స్కూటర్‌కు ఆయిల్ ఎప్పుడు మార్చాలి? ఒక నిత్యజీవిత నియమం చరిత్ర

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• భారతదేశంలో స్కూటర్ వాడకం ఏ దశలలో మారిందో వివరించగలుగుతారు.
• రెండు స్ట్రోకుల ఇంజనుకు, నాలుగు స్ట్రోకుల ఇంజనుకు ఆయిల్ విషయంలో ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.
• కొత్త స్కూటర్‌కు మొదటిసారి ఆయిల్‌ను ఎందుకు తొందరగా మారుస్తారో కారణాలతో చెప్పగలుగుతారు.
• ఒక వాడుక నియమాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో తెలుసుకుంటారు.

7.1 పరిచయం

ఇంతకు ముందు భాగాలలో మీరు పంచవర్ష ప్రణాళికల గురించి, లైసెన్సుల విధానం గురించి, 1991 ఆర్థిక సంస్కరణల గురించి చదివారు. అవన్నీ ఢిల్లీలో జరిగిన పెద్ద విషయాలుగా మీకు అనిపించి ఉండవచ్చు. ఈ భాగంలో అదే చరిత్రను మీ ఇంటి ముందు నిలబెట్టిన స్కూటర్ దగ్గర మొదలుపెట్టి చూద్దాం.

మీరో, మీ ఇంట్లో మరెవరో కొత్త స్కూటర్ కొన్నారనుకోండి. "దీనికి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?" అని నలుగురిని అడిగి చూడండి. పెద్దాయన ఒకరు "ఆయిల్ మార్చడమేమిటి? పెట్రోలులో కలిపి పోయించుకోవడమేగా!" అంటారు. వీధి చివర షెడ్డులోని మెకానిక్ "500 కిలోమీటర్లకే మార్చేయండి సార్, ఆ తరువాత ప్రతి 2000కు ఒకసారి" అంటాడు. స్కూటర్‌తో పాటు ఇచ్చిన పుస్తకం మరో అంకె చెబుతుంది. పక్కింటి కుర్రవాడు "మాది బ్యాటరీ స్కూటర్, మాకా గొడవే లేదు" అని నవ్వుతాడు.

వీరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కొక్క కాలానికి చెందిన యంత్రం గురించి చెబుతున్నారు. సమాధానాలు తేడాగా ఉండటానికి కారణం చరిత్రలో ఉంది. ఈ సంగతి తెలియక నేను స్వయంగా నష్టపోయాను. ఆ సంగతి 7.5లో చెబుతాను. ముందుగా పెద్దాయన మాటతో మొదలుపెడదాం.

7.2 పెట్రోలులో ఆయిల్ కలిపిన కాలం

రెండవ ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని పియాజియో సంస్థకు చెందిన విమానాల కర్మాగారం బాంబు దాడుల్లో ధ్వంసమైంది. యుద్ధం ముగిశాక విమానాలకు గిరాకీ లేదు, రోడ్లు పాడైపోయాయి, ప్రజల చేతిలో డబ్బు లేదు. అటువంటి స్థితిలో చవకగా, తేలికగా నడిపే బండి కావాలని ఎన్రికో పియాజియో తలచాడు. విమాన ఇంజనీరైన కొరాడినో దస్కానియో దానిని రూపొందించాడు. 1946 ఏప్రిల్‌లో పేటెంటు పొందిన ఆ బండి పేరు వెస్పా. మరుసటి ఏడాది మిలాన్‌కు చెందిన ఇన్నోసెంటి సంస్థ లాంబ్రెట్టాను తెచ్చింది. మన దేశానికి స్కూటర్ ఈ రెండు దారులలోనే వచ్చింది. లాంబ్రెట్టాను 1950లలో బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఇక్కడ బిగించి అమ్మింది. వెస్పాను మొదట దిగుమతి చేసుకుని అమ్మిన బజాజ్ సంస్థ 1959లో తయారీకి లైసెన్సు పొంది, పియాజియో సహకారంతో పూనా దగ్గర ఆకుర్డిలో ఉత్పత్తి చేపట్టింది. ఆ ఒప్పందం 1971లో ముగిసింది. 1972లో బజాజ్ తన సొంత పేరుతో చేతక్‌ను విడుదల చేసింది.

ఈ స్కూటర్లన్నిటిలో ఉన్నది రెండు స్ట్రోకుల ఇంజను. దీని పనితీరు తెలిస్తేనే పెద్దాయన మాట అర్థమవుతుంది. పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదిలితే ఈ ఇంజనులో ఒక చక్రం పూర్తవుతుంది. సిలిండర్‌లోకి వెళ్ళే పెట్రోలు, గాలి మిశ్రమం ముందుగా ఇంజను అడుగున క్రాంక్ ఉండే గదిలోకి వచ్చి, అక్కడి నుండి పైకి పోతుంది. పెట్రోలు ప్రయాణించే గదిలో ఆయిల్‌ను విడిగా నిల్వ ఉంచడం కుదరదు. అందుకే ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపేవారు. అది లోపలి బేరింగులను, పిస్టన్‌ను తడుపుతూ పోయి, చివరకు పెట్రోలుతో పాటు కాలిపోయి, నీలిరంగు పొగగా సైలెన్సర్ నుండి బయటకు వచ్చేది. పాత ఆయిల్ అనేదే మిగలదు కనుక మార్చే ప్రశ్నే రాదు.

ఎంత కలపాలి అన్నదే ఆ కాలపు ప్రశ్న. తొలి వెస్పాలకు 5 శాతం ఆయిల్ కావలసి వచ్చేది. చేతక్ వంటి తరువాతి స్కూటర్లకు 2 శాతం సరిపోయింది. అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్. పెట్రోలు బంకులో ఒక చిన్న చేతిపంపు, దానికో గాజు పాత్ర ఉండేవి. "రెండు లీటర్లు, ఆయిల్ కలిపి" అనడం మా తరానికి ఊతపదం. తక్కువ కలిపితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువ కలిపితే ప్లగ్గుకు మసి పట్టి, బండి ఎంత తన్నినా స్టార్టు కాదు. అందుకే ఆనాటి ప్రతి స్కూటర్ పెట్టెలో ఒక ప్లగ్గు స్పానరు, గరుకు కాగితం ముక్క తప్పనిసరిగా ఉండేవి.

అయితే ఆ స్కూటర్‌లోనూ మార్చవలసిన ఆయిల్ ఒకటి ఉంది. గేర్లు, క్లచ్ ఉండే పెట్టె ఇంజను నుండి వేరుగా ఉండేది. అందులో సుమారు పావు లీటరు గేర్ ఆయిల్ పోసేవారు. అది కాలిపోదు, కాని క్రమంగా మురికి పడుతుంది. కొత్త బండికి మొదటి సర్వీసులో మార్చింది దానినే. చాలామంది యజమానులకు ఆ పెట్టె ఉన్నట్లు కూడా తెలియదు. మెకానిక్ చూసుకునేవాడు. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

7.3 కొరత నేర్పిన జాగ్రత్త

1951 పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం ప్రకారం ఏ కర్మాగారం ఎన్ని వస్తువులు తయారుచేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. స్కూటర్ల అమ్మకం, పంపిణీ మీద కూడా 1960 నుండి నియంత్రణ ఉండేది. జనం కోరిన సంఖ్యకు, తయారైన సంఖ్యకు పొంతన లేకపోవడంతో వరుస పెరుగుతూ పోయింది. బజాజ్ స్కూటర్‌కు డబ్బు కట్టి సంవత్సరాల తరబడి ఎదురుచూడటం 1970లలో మామూలు విషయం. కొన్నిచోట్ల ఆ నిరీక్షణ పదేళ్ళకు చేరింది. చేతికొచ్చిన కొత్త స్కూటర్‌ను అదే రోజు అమ్మినా కొన్న ధర కంటే ఎక్కువే వచ్చేది.

ఈ కొరతను తగ్గించడానికి ప్రభుత్వం 1972లో లక్నో కేంద్రంగా స్కూటర్స్ ఇండియా సంస్థను స్థాపించి, ఇటలీ నుండి లాంబ్రెట్టా యంత్రాలను తెప్పించింది. ఆ సాంకేతికతతోనే కొన్ని రాష్ట్రాలు కూడా స్కూటర్లు తయారుచేశాయి. మన హైదరాబాద్‌లో ఆల్విన్ పేరుతో వచ్చిన పుష్పక్ స్కూటర్ అటువంటిదే. మీ ఇంట్లో పెద్దవారిని అడగండి, పుష్పక్‌ను చూసినవారో నడిపినవారో ఒకరైనా ఉంటారు.

మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆయన స్కూటర్‌కు పేరు రాయించుకున్నప్పుడు నేను హైస్కూలులో ఉన్నాను. బండి వచ్చేసరికి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. అన్నేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న బండిని ఎంత అపురూపంగా చూసుకుంటారో ఊహించండి. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించిన తరువాత మొదటి 1000 కిలోమీటర్లూ ఆయన 40 దాటి నడపలేదు. వెనుక ఎవరినీ ఎక్కించుకోలేదు. "రన్నింగులో ఉంది" అనేవారు. ఆ మాట వింటే ఎవరూ బండి అరువు అడిగేవారు కారు. బంకులో ఆయిల్ పోసే కుర్రవాడితో "కాస్త ఎక్కువే పొయ్యి బాబూ" అనేవారు.

ఇదంతా కేవలం భయం కాదని గమనించండి. మరో బండి దొరకదు. విడిభాగాలూ సులభంగా దొరకవు. సిలిండర్ గీసుకుపోతే బోరు చేయించి, పెద్ద సైజు పిస్టన్ వేయించి మళ్ళీ అదే బండిని నడపాలి. ఒక స్కూటర్ ఒక కుటుంబానికి ఇరవై ఏళ్ళు సరిపోవాలి. ఈ పరిస్థితిలో పుట్టిన నియమాలు సహజంగానే అతిజాగ్రత్త వైపు మొగ్గుతాయి. "ఎందుకైనా మంచిది, ముందే మార్చేయండి" అనే మెకానిక్ మాట వెనుక ఈ కొరత కాలపు అనుభవం ఉంది.

7.4 మొదటి వెయ్యి కిలోమీటర్లలో ఏమి జరుగుతుంది?

మా నాన్నగారు పాటించిన నియమానికి ఇంజనులోనే ఒక కారణం ఉంది. సిలిండర్ లోపలి గోడ చేతికి నున్నగా తగిలినా, సూక్ష్మదర్శినితో చూస్తే ఎత్తుపల్లాలతో ఉంటుంది. కర్మాగారంలో దాని మీద సన్నని అడ్డగీతలు కావాలనే ఉంచుతారు. ఆ గీతలలో ఆయిల్ నిలుస్తుంది. కొత్త పిస్టన్ రింగులు ఆ గోడ మీద వేల సార్లు కదిలినప్పుడు రెండింటి ఎత్తులూ అరిగి, ఒకదానికొకటి అమరుతాయి. రోలు, పొత్రం కొత్తలో కాస్త రాతిపొడి రాల్చి, ఆ తరువాత కుదురుకోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే. దీనినే రన్నింగ్ ఇన్ అంటారు.

కొత్త రోలును వాడకముందు ఊకో, బియ్యమో వేసి రుబ్బి ఆ పొడి పారబోస్తాం. ఇంజనులో రాలిన లోహపు పొడి ఎక్కడికి పోతుంది? రెండు స్ట్రోకుల ఇంజనులోనైతే కాలే ఆయిల్‌తో పాటు చాలావరకు బయటకు పోతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పోవడానికి దారి లేదు. అది ఆయిల్‌లోనే ఉండి, ఆ ఆయిల్‌తో పాటు బేరింగుల మధ్యకు మళ్ళీ మళ్ళీ వెళుతుంది. కారు ఇంజనులో కాగితపు ఫిల్టరు దానిని పట్టుకుంటుంది. చాలా స్కూటర్లలో ఉండేది ఒక చిన్న జల్లెడ మాత్రమే. పెద్ద ముక్కలను అది ఆపుతుంది, సన్నని పొడిని ఆపలేదు. పైగా స్కూటర్ ఇంజనులో పట్టే ఆయిల్ లీటరు కంటే తక్కువ. అంత కొద్ది ఆయిల్‌లో కొత్త ఇంజను పొడి అంతా కలిస్తే అది తొందరగా మురికి పడుతుంది.

అందుకే తరువాతి ఆయిల్ మార్పుల కంటే మొదటి మార్పు చాలా ముందుగా వస్తుంది. ఆ ఆయిల్ పాతబడిందని కాదు, ఇంజను కొత్తదని మారుస్తాం. ఈ ఒక్క వాక్యం అర్థమైతే ఈ భాగంలో సగం అర్థమైనట్లే.

7.5 నాలుగు స్ట్రోకులకు మారిన కాలం

1980లలో విదేశీ సహకారానికి ప్రభుత్వం కొంత సడలింపు ఇచ్చింది. కాన్పూరులో ఎల్.ఎం.ఎల్. సంస్థ పియాజియోతో కలిసి వెస్పాను తెచ్చింది. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. దానికి గేర్లు మార్చే పని లేదు, బటన్ నొక్కితే స్టార్టు అవుతుంది. అదీ రెండు స్ట్రోకుల ఇంజనే, కాని ఆయిల్‌కు విడిగా ఒక ట్యాంకు ఉంటుంది. ఒక చిన్న పంపు కావలసినంత ఆయిల్‌ను ఇంజనుకు అందిస్తుంది. బంకులో కలిపించుకునే పని తప్పింది గాని, ఆయిల్ కాలిపోవడం మాత్రం అలాగే ఉంది. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 మోటారుసైకిలు నాలుగు స్ట్రోకుల ఇంజనుతో, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం వెళ్ళి జనాన్ని ఆకట్టుకుంది. 1990ల చివరికి మోటారుసైకిళ్ళ అమ్మకాలు స్కూటర్లను దాటిపోయాయి.

మరోవైపు నగరాలలో పొగ పెరిగింది. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిల్ కాలడమే కాక, పెట్రోలులో కొంత భాగం కాలకుండానే బయటకు పోతుంది. పెట్రోలు వాహనాల పొగ మీద 1991లో మొదలైన పరిమితులు 1996లో, 2000లో మరింత కఠినమయ్యాయి. కొందరు వాహనదారులు చవక ఆయిల్ కలపడం, అవసరానికి మించి కలపడం కూడా పొగకు కారణమని గుర్తించి, సుప్రీంకోర్టు ఢిల్లీలో 1998 చివరి నుండి విడి టూటీ ఆయిల్ అమ్మకాన్ని నిలిపివేయించింది. బంకులోనే యంత్రంతో సరైన పాళ్ళలో కలిపి పోయాలని ఆదేశించింది. చేతిపంపు, గాజు పాత్రల కాలం అక్కడ అలా ముగిసింది.

2001లో హోండా యాక్టివా వచ్చింది. 102 సీసీ సామర్థ్యం, నాలుగు స్ట్రోకుల ఇంజను, గేర్లు మార్చనక్కరలేని బెల్టు ఏర్పాటు. కొద్ది ఏళ్ళలోనే మిగతా కంపెనీలూ ఈ దారికే వచ్చాయి. గేర్లు వేసే స్కూటర్ మెల్లగా వెనుకబడి, ఆ దశాబ్దం ముగిసేసరికి బజాజ్ సంస్థ స్కూటర్ల తయారీ నుండే తప్పుకుంది. స్కూటర్ నడపడం ఆడపిల్లలకు, ఉద్యోగినులకు, చిన్న ఊళ్ళలోని ఉపాధ్యాయినులకు అందుబాటులోకి రావడంలో ఈ మార్పు పాత్ర పెద్దది.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలు క్రాంక్ గదిలోకి రాదు. అందుకే ఆయిల్‌ను అడుగున నిల్వ ఉంచి, పంపుతో తిప్పుతూ మళ్ళీ మళ్ళీ వాడుకుంటారు. ఇప్పుడు ఆయిల్ కాలిపోయేది కాదు, నిలిచేది. నిలిచేది పాడవుతుంది, పాడైనది మార్చాలి. స్కూటర్ యజమానికి "ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చాలి?" అనే ప్రశ్న నిజంగా పుట్టింది ఇక్కడే.

ఇక నా సంగతి. 2004లో నేను అటువంటి కొత్త స్కూటర్ ఒకటి కొన్నాను. అంతకు ముందు 18 ఏళ్ళు చేతక్ నడిపాను. అమ్మేటప్పుడు షోరూములో కుర్రవాడు "దీనికి పెట్రోలులో ఆయిల్ కలపనక్కరలేదు సార్" అన్నాడు. నేను దానిని "ఆయిల్ గొడవే లేదు" అని అర్థం చేసుకున్నాను. ఉచిత సర్వీసు కూపన్లు బీరువాలో భద్రంగా ఉండిపోయాయి. బండి పొగ లేకుండా, శబ్దం లేకుండా నడుస్తోంది, ఇక మెకానిక్ దేనికి అనుకున్నాను. పొగ రాకపోవడమే ఆయిల్ లోపల నిలిచి ఉందనడానికి గుర్తు అని నాకు తట్టలేదు.

రెండేళ్ళ తరువాత ఒక ఉదయం మా అమ్మాయిని ప్రవేశపరీక్షకు తీసుకుని వెళుతున్నాను. మీటరు తొమ్మిది వేలు దాటింది. ఊరి బయట ఇంజను కీచుమని, ఒక్కసారిగా పట్టేసింది. ఆ కుదుపుకు ఇద్దరం పడబోయి నిలదొక్కుకున్నాం. వెనుక లారీ ఏదీ లేకపోవడం మా అదృష్టం. అమ్మాయి ఆటో పట్టుకుని పరీక్ష మొదలైన తరువాత చేరింది. నేను బండిని తోసుకుంటూ షెడ్డుకు చేరాను. మెకానిక్ అడుగున బోల్టు విప్పితే ఒక టీ గ్లాసు కూడా నిండని నల్లటి జిగురు కారింది. "సార్, దీనికి ఆయిల్ పెట్రోలులో కాదు, ఇంజనులో. మీరు ఒక్కసారి కూడా మార్చలేదా?" అన్నాడు. ఆ నెల జీతంలో సగానికి పైగా ఆ మరమ్మతుకే పోయింది.

అప్పటికి నేను ఇరవై ఏళ్ళుగా ఆధునిక భారత చరిత్ర బోధిస్తున్నాను. స్కూటర్ల లైసెన్సుల గురించి తరగతిలో చెప్పేవాడిని. కాని ఒక కాలపు నియమాన్ని మరో కాలపు యంత్రానికి తగిలించాను. తప్పు కంపెనీది కాదు, మెకానిక్‌ది కాదు. పుస్తకం తెరవని నాది.

7.6 ఆయిల్ కూడా మారింది

ఇంజనుతో పాటు ఆయిల్‌కూ చరిత్ర ఉంది. ఆయిల్ చిక్కదనాన్ని అంకెలతో చెప్పే పద్ధతిని అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం 1911లో ప్రవేశపెట్టింది. పాత ఆయిల్‌లు చలికి గట్టిపడి, వేడికి పలచబడేవి. తరువాత వచ్చిన మల్టీగ్రేడ్ ఆయిల్‌లు రెండు పరిస్థితులనూ తట్టుకుంటాయి. డబ్బా మీద కనిపించే 10డబ్ల్యూ-30 వంటి గుర్తులో మొదటి అంకె చలిలో దాని గుణాన్ని, రెండవ అంకె వేడిలో దాని చిక్కదనాన్ని సూచిస్తాయి. అరుగుదలను తగ్గించేవి, మసిని పట్టి ఉంచేవి, తుప్పును ఆపేవి అయిన రసాయనాలు కూడా ఆయిల్‌లో కలుపుతారు. వీటివల్ల ఆయిల్ ఆయుష్షు పెరిగింది. 2000 కిలోమీటర్లకు మార్చవలసినది అంతకు రెట్టింపు దూరం నడవగలిగింది.

ద్విచక్ర వాహనాల ఆయిల్‌లకు జపాను సంస్థ జాసో 1998లో ప్రత్యేక ప్రమాణాన్ని ఇచ్చింది. మోటారుసైకిలులో క్లచ్ ఇంజను ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే క్లచ్ పట్టదు. అందుకని వాటికి ఎంఏ రకం. బెల్టుతో నడిచే స్కూటర్‌లో క్లచ్ పొడిగా, విడిగా ఉంటుంది. అందుకని దానికి ఘర్షణ తక్కువగా ఉండే ఎంబి రకం. షెడ్డులో ఒకే డబ్బా నుండి అన్ని బండ్లకూ పోస్తుంటే ఈ తేడాను మీరే గుర్తుచేయాలి.

7.2లో గేర్ ఆయిల్‌ను గుర్తుంచుకోమన్నాను. ఇప్పటి "గేర్లు లేని" స్కూటర్‌లో కూడా వెనుక చక్రం దగ్గర వేగాన్ని తగ్గించే పళ్ళచక్రాలు కొన్ని ఉంటాయి. వాటికి విడిగా కొద్దిపాటి ఆయిల్ ఉంటుంది. అప్పటిలాగే ఇప్పుడూ దానిని యజమాని మరిచిపోతాడు.

7.7 అయితే ఈ రోజు ఎప్పుడు మార్చాలి?

ఇంతవరకు చదివిన మీకు సమాధానం ఇప్పుడు సులభంగా అర్థమవుతుంది.

మొదటి మార్పు: మీ స్కూటర్ పుస్తకంలో మొదటి సర్వీసుకు రాసిన దూరానికి. చాలా కంపెనీలు 500 నుండి 1000 కిలోమీటర్ల మధ్య ఒక అంకెను ఇస్తాయి. దూరంతో పాటు రోజుల గడువు కూడా ఉంటుంది, ఏది ముందు వస్తే అదే లెక్క. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఆయిల్ మార్చారా, లేక మట్టం చూసి వదిలేశారా అని అడగండి. బిల్లులో ఆయిల్ రకం రాయించుకోండి. కొంత భాగం ఉచితమైనా ఆయిల్ డబ్బు మీరే కట్టవలసి రావచ్చు. ఆ కాస్త సొమ్ముకు వెనుకాడవద్దు.

తరువాతి మార్పులు: కంపెనీని బట్టి సాధారణంగా 3000 నుండి 6000 కిలోమీటర్ల మధ్య. తక్కువ దూరం తిరిగినా ఏడాదికి ఒకసారైనా మార్చాలి. రోజూ ఒకటి రెండు కిలోమీటర్లే నడిపి ఆపేస్తే ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోలు ఆవిరి కాక ఆయిల్‌లోనే మిగులుతాయి. కనుక "నేను బండి తీసేదే తక్కువ" అనుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. దుమ్ము రోడ్లు, పెద్ద బరువులు, ఎండాకాలపు ట్రాఫిక్ ఉన్నవారు కూడా పుస్తకంలోని గడువు కంటే కాస్త ముందే మార్చుకోవచ్చు.

మట్టం చూడటం: నెలకు ఒకసారి బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, ఇంజను ఆపి కొద్ది నిమిషాలాగి, ఆయిల్ పుల్లను తీసి తుడిచి, పుస్తకంలో చెప్పినట్లు మళ్ళీ ముంచి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి. ఈ పని ఎవరైనా చేయవచ్చు. నన్ను పడేసింది ఆయిల్ పాతబడటం మాత్రమే కాదు, తగ్గిపోవడం కూడా. రంగు నల్లబడినంత మాత్రాన ఆయిల్ పాడైందని అనుకోవద్దు, మసిని పట్టి ఉంచడం దాని పనే.

మరి 500 కిలోమీటర్లకే మార్చమన్న మెకానిక్ మాట? మీ పుస్తకం 1000 అంటే, 500కు మార్చడం వల్ల ఇంజనుకు హాని లేదు, కొంత ఖర్చు మాత్రం ఉంది. అయితే 500కు మార్చాం కదా అని 1000 నాటి సర్వీసును మానేయకండి. వారంటీ కోసం కంపెనీ చూసేది ఆ ముద్రనే.

7.8 ఆధారాలను ఎలా చదవాలి?

ఒకే ప్రశ్నకు మనకు మూడు ఆధారాలు దొరికాయి. కంపెనీ పుస్తకం రాతపూర్వక ఆధారం. అది ఆ యంత్రాన్ని తయారుచేసినవారి మాట, అందుకే మొదటి స్థానం దానిది. అయితే అది సగటు రోడ్డును, సగటు వాడకాన్ని దృష్టిలో ఉంచుకుని రాసినది. ఖర్చు తక్కువ బండి అనిపించుకోవాలనే కోరిక కూడా కంపెనీకి ఉంటుంది. మెకానిక్ మాట అనుభవ ఆధారం. మన ఊరి దుమ్ము ఆయనకు తెలుసు, విప్పిన ఇంజనులను కళ్ళారా చూశాడు. అయితే ఆయన గడువులలో పాత ఆయిల్‌ల కాలం ఇంకా మిగిలి ఉంది, ఆయిల్ అమ్మితే ఆయనకు నాలుగు డబ్బులు వస్తాయి. పెద్దల మాట మౌఖిక ఆధారం. తమ కాలానికి అది పూర్తిగా నిజం, మన బండికి వర్తించదు.

ఏ ఆధారాన్నీ పూర్తిగా కొట్టివేయలేదని గమనించండి. "ఇది ఏ కాలపు మాట? ఏ వస్తువు గురించి? చెప్పినవారికి ఏమి తెలుసు, ఏమి కావాలి?" అని అడిగాం. శాసనాన్ని, కైఫియతును, ప్రభుత్వ గెజిట్‌ను చదివేటప్పుడు అడగవలసినవీ ఈ ప్రశ్నలే. నేను ఆ ప్రశ్నలను తరగతి గదికే పరిమితం చేశాను. మీరు అలా చేయకండి.

2020లో చేతక్ పేరు మళ్ళీ రోడ్డెక్కింది, ఈసారి బ్యాటరీ స్కూటర్‌గా. దానిలో పెట్రోలు ఇంజను లేదు, ఇంజను ఆయిల్ లేదు. పక్కింటి కుర్రవాడి మాట అతని బండికి నిజమే. అతను రేపు మరో కాలపు బండి కొన్నప్పుడు, ఈనాటి అలవాటును దానికి తగిలించకుండా ఉంటే చాలు.

7.9 సారాంశం

భారతదేశంలో స్కూటర్ 1950లలో ఇటలీ నమూనాలతో మొదలైంది. రెండు స్ట్రోకుల ఇంజనులో ఆయిల్ పెట్రోలుతో కలిసి కాలిపోయేది కనుక ఇంజను ఆయిల్ మార్చే పని లేదు, గేర్ ఆయిల్‌ను మాత్రమే మార్చేవారు. లైసెన్సుల కాలపు కొరత అతిజాగ్రత్త నియమాలను నేర్పింది. కాలుష్య పరిమితులు, పెట్రోలు పొదుపు, కొత్త సాంకేతికత వల్ల 2000 తరువాత స్కూటర్లు నాలుగు స్ట్రోకులకు మారాయి. అప్పుడు ఆయిల్ మార్పు తప్పనిసరి అయింది. కొత్త ఇంజను నుండి రాలే లోహపు పొడి కారణంగా మొదటి మార్పు తొందరగా, పుస్తకంలో చెప్పిన దూరానికి చేయాలి.

7.10 ముఖ్య పదాలు

రన్నింగ్ ఇన్: కొత్త ఇంజను భాగాలు ఒకదానికొకటి అరిగి అమరే తొలి దశ.
టూటీ ఆయిల్: రెండు స్ట్రోకుల ఇంజను కోసం పెట్రోలుతో కలిపే ఆయిల్.
మల్టీగ్రేడ్ ఆయిల్: చలిలోనూ వేడిలోనూ తగిన చిక్కదనంతో పనిచేసే ఆయిల్.
బోరు చేయించడం: అరిగిన సిలిండర్ లోపలి గోడను తొలిచి, పెద్ద పిస్టన్‌కు సరిపడేలా చేయడం.

7.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లైసెన్సుల విధానం స్కూటర్ యజమానుల అలవాట్లను ఎలా ప్రభావితం చేసిందో చర్చించండి.
2. రెండు స్ట్రోకుల నుండి నాలుగు స్ట్రోకులకు జరిగిన మార్పుకు కారణాలను, ఫలితాలను వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొత్త స్కూటర్‌కు మొదటి ఆయిల్ మార్పు ఎందుకు ముందుగా చేయాలి?
2. ఎంఏ, ఎంబి రకాల ఆయిల్‌ల మధ్య తేడా ఏమిటి?

III. క్షేత్ర అభ్యాసం
మీ ఊరిలో 1990కి ముందు స్కూటర్ నడిపిన ఒకరిని, ఇప్పటి మెకానిక్ ఒకరిని కలిసి ఆయిల్ గురించి ఒకే ప్రశ్న అడగండి. వారి సమాధానాలను మీ ఇంటి స్కూటర్ పుస్తకంతో పోల్చి, తేడాలకు కారణాలను ఒక పేజీలో రాయండి. ఆ పుస్తకం ఎక్కడ ఉందో వెతకడంతోనే ఈ అభ్యాసాన్ని మొదలుపెట్టండి.